యూనివర్సిటీ స్థలంలో సైన్స్ పార్క్ కడితే ప్రాంతానికి నిజంగా ఏం వస్తుంది?

మీరు అడిగింది ఇదీ. మీ ప్రాంతంలోని యూనివర్సిటీకి వాడకుండా ఉన్న స్థలం చాలా ఉంది. అందులో సైన్స్ పార్క్, అంటే పరిశోధన చేసే కంపెనీలకు యూనివర్సిటీ దగ్గర చోటిచ్చే పార్కు కట్టాలని నిర్ణయించారు, సలహా కమిటీలో మిమ్మల్నీ వేశారు. పార్కు వస్తే కంపెనీలు వస్తాయి, కొత్త వస్తువులు పుడతాయి, ప్రాంతం రూపే మారిపోతుంది అని మీటింగుల్లో అందరూ అంటున్నారు. ఇందులో నిజమెంత, మొదటి డబ్బు దేని మీద పెట్టాలి అన్నది మీ ప్రశ్న.

నేను ఇరవై రెండేళ్లు ఈ పనిలోనే ఉన్నాను. మొదట ఒక యూనివర్సిటీలో పేటెంట్లు, కంపెనీలతో ఒప్పందాలు చూసే ఆఫీసులో పనిచేశాను. తర్వాత ఒక సైన్స్ పార్క్ నిర్వహణకు మారాను. ఈ విషయం మీద నాకు అభిమానమూ ఉంది, కొన్ని గట్టి అభిప్రాయాలూ ఉన్నాయి. అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను.

ముందు సూటిగా చెబుతాను. పార్కు వల్ల ప్రాంతం బాగుపడవచ్చు. అలా బాగుపడ్డ చోట్లు ఉన్నాయి. అక్కడ పని చేసింది మాత్రం మనుషుల రాకపోకలు. ల్యాబులో ఉన్న రీసెర్చ్ విద్యార్థి మధ్యాహ్నం కంపెనీ బెంచీ దగ్గర ఉండాలి, కంపెనీ ఇంజినీరు సాయంత్రం క్లాసులో కూర్చోవాలి. ఇవి రోజూ జరిగే ఏర్పాటు ఉంటే పార్కు బతుకుతుంది. లేకపోతే మిగిలేది చెట్ల మధ్య ఉన్న ఆఫీసు భవనాలే. మీ కమిటీలో ఇప్పటివరకు ఎన్ని అంతస్తులు, ఎన్ని చదరపు అడుగులు అనే చర్చే జరిగిందని మీరు రాసినదాన్ని బట్టి అర్థమైంది. అందుకే ఈ మాట ముందుగా చెప్పాను.

అందరూ ఉదాహరణగా చెప్పే అమెరికా యూనివర్సిటీ స్టాన్‌ఫర్డ్ నుంచే మొదలుపెడదాం. అక్కడ అసలు జరిగింది చాలామంది సగమే చెబుతారు. ఆ యూనివర్సిటీకి వేల ఎకరాల భూమి ఉంది కానీ, దాన్ని అమ్మకూడదని దాత షరతు పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డబ్బు కావాల్సి వచ్చింది. అమ్మే వీల్లేదు కాబట్టి దీర్ఘకాలం లీజుకు ఇవ్వాలనుకున్నారు. 1951లో మొదలైన ఆ పార్కుకు మొదట సంతకం పెట్టింది వేరియన్ అసోసియేట్స్. ఆ కంపెనీ పెట్టిన వేరియన్ సోదరులు 1937లోనే స్టాన్‌ఫర్డ్ ల్యాబులో క్లిస్ట్రాన్ అనే మైక్రోవేవ్ ట్యూబు తయారు చేసినవాళ్లు. అంటే మొదటి కిరాయిదారు కొత్తవాడు కాడు, ఇంటివాడే. ఆ తర్వాత వచ్చిన హ్యూలెట్ పాకార్డ్ అనే ఎలక్ట్రానిక్స్ కంపెనీ వ్యవస్థాపకులు ఇద్దరూ ఇంజినీరింగ్ డీన్ ఫ్రెడరిక్ టెర్మన్ శిష్యులు. 1939లో వాళ్లు కంపెనీ పెట్టేటప్పుడు ప్రోత్సహించింది కూడా ఆయనే.

స్టాన్‌ఫర్డ్ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది 1954 నాటి ఏర్పాటు. చుట్టుపక్కల కంపెనీల ఇంజినీర్లు ఉద్యోగం మానకుండానే స్టాన్‌ఫర్డ్‌లో పీజీ డిగ్రీ చదువుకోవచ్చన్నారు. ఫీజు కంపెనీ కడుతుంది. దీంతో ప్రొఫెసర్ క్లాసులో పరిశ్రమ సమస్యలు తెలిసినవాళ్లు కూర్చున్నారు, కంపెనీలో కొత్త పరిశోధన తెలిసినవాళ్లు పనిచేశారు. ఇలాంటి ఏర్పాటుకు భవనం అక్కర్లేదు. ఒక తీర్మానం, ఒక టైమ్‌టేబుల్ చాలు. మీ యూనివర్సిటీ కూడా దీన్ని పునాది రాయి వేయకముందే మొదలుపెట్టవచ్చు.

ఇంకో సగం కూడా చెప్పాలి. ఆ రోజుల్లో అమెరికా రక్షణ శాఖ ఎలక్ట్రానిక్స్ మీద విపరీతంగా ఖర్చు పెట్టింది. రాడార్లు, మైక్రోవేవ్ పరికరాలు కొనే పెద్ద గిరాకీ సిద్ధంగా ఉంది. పార్కు తెలివిగా నడిచిన మాట నిజమే కానీ, సరుకు కొనేవాడు లేకపోతే ఆ తెలివి అంత దూరం వచ్చేది కాదు. మీ ప్రాంతంలో పుట్టే కొత్త వస్తువును మొదట ఎవరు కొంటారు? ఆస్పత్రులా, విద్యుత్ సంస్థా, రైతులా, పక్కనున్న ఫ్యాక్టరీలా? ఈ ప్రశ్న మీ కమిటీలో ఎవరైనా అడిగారా?

ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ కథ వేరు. 1969లో భౌతిక శాస్త్రవేత్త నెవిల్ మాట్ అధ్యక్షతన ఒక కమిటీ, యూనివర్సిటీ దగ్గర సైన్స్ ఆధారిత పరిశ్రమలకు చోటివ్వాలని సిఫార్సు చేసింది. మరుసటి ఏడాది ట్రినిటీ కాలేజీ తన స్థలంలో పార్కు మొదలుపెట్టింది. అది రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం వాడుకుని వదిలేసిన భూమి. మొదటి కంపెనీ లేజర్ స్కాన్ వచ్చింది 1973లో. ఆ దశాబ్దమంతా పార్కు నెమ్మదిగానే సాగింది, పదేళ్లు గడిచినా చుట్టూ ఖాళీ జాగాయే ఎక్కువ. కాలేజీ దగ్గర సొంత భూమి, సొంత డబ్బు ఉండబట్టి ఓపిక పట్టగలిగింది. అప్పు తెచ్చి కట్టినవాళ్లకు ఆ ఓపిక ఉండదు.

అప్పు మాట వచ్చింది కాబట్టి నా సొంత అనుభవం చెప్పాలి. నేను పనిచేసిన పార్కులో రెండో భవనం అప్పు మీద కట్టారు. మూడో ఏడాదికి సగం అంతస్తులు ఖాళీ. వాయిదాలు మాత్రం ఆగవు కదా. బోర్డు మీటింగులో ప్రతిసారీ ఒకటే అడిగేవారు, ఎంత శాతం నిండింది అని. చివరికి రెండు అంతస్తులు ఒక లెక్కల పని చేసే బ్యాక్ ఆఫీసు కంపెనీకి తొమ్మిదేళ్ల లీజుకు ఇచ్చాం. ఆ ఫైలు మీద నేనూ సంతకం పెట్టాను. నాలుగు వందల మంది ఉద్యోగులు వచ్చారు, పేపర్లో మంచి వార్త వచ్చింది, బోర్డు సంతోషించింది. మంచి కంపెనీయే, జీతాలు సమయానికి ఇచ్చేది. కానీ ఆ తొమ్మిదేళ్లలో వాళ్లలో ఒక్కరు కూడా యూనివర్సిటీ ల్యాబులోకి అడుగు పెట్టిన దాఖలా లేదు. వాళ్లకు ఆ అవసరమే లేదు.

రెండేళ్లు తిరిగేసరికి మా దగ్గరే పుట్టిన ఒక సెన్సర్ల కంపెనీ పెద్దదైంది. ఒక అంతస్తు కావాలని అడిగింది, మా దగ్గర లేదు. వాళ్లు వేరే నగరానికి వెళ్లిపోయారు. వాళ్లతో పాటు ఇద్దరు పీహెచ్‌డీ విద్యార్థులు, వాళ్లకు కావాల్సిన విడిభాగాలు చేసిపెట్టే చిన్న వర్క్‌షాపు కూడా వెళ్లిపోయాయి. ఆ సాయంత్రం నాకు బాగా గుర్తుంది. మేం నింపిన శాతం చూసుకుంటూ ఉండగానే, ఏ పని కోసం పార్కు కట్టామో ఆ పని చేతిలోంచి జారిపోయింది.

అప్పటి నుంచి నా పట్టు ఒకటే. కిరాయిదారుణ్ని ఎంచుకునే నియమం ముందే రాసుకోవాలి, అది రాయడానికి మంచి సమయం భవనం ఖాళీగా ఉన్నప్పుడు కాదు. వాయిదాల ఒత్తిడి వచ్చాక ఎవరూ కఠినమైన నియమం రాయరు. ఇక్కడ ఐఐటీ మద్రాస్ రీసెర్చ్ పార్క్ పద్ధతి చూడండి. 2010లో మొదలైన ఆ పార్కులో చోటు కావాలంటే కంపెనీ అక్కడ పరిశోధన చేయాలి, ఐఐటీతో కలిసి పనిచేయాలి. దాన్ని మాటలకు వదిలేయకుండా క్రెడిట్ల లెక్క పెట్టారు. విద్యార్థులను ఇంటర్న్‌లుగా తీసుకుంటే, ప్రొఫెసర్లకు పరిశోధన ప్రాజెక్టు ఇస్తే, కలిసి పేటెంటు వేస్తే క్రెడిట్లు వస్తాయి. కంపెనీలు అలా క్రెడిట్లు సంపాదించుకుంటూ ఉండాలి. ప్రొఫెసర్ అశోక్ ఝున్‌ఝున్‌వాలా ముందుండి నడిపించిన ఆ ప్రయత్నంలో ఈ ఒక్క ఏర్పాటే నాకు భవనాలన్నిటికన్నా విలువైనదిగా కనిపిస్తుంది. అద్దె రసీదు పక్కన ఇంకో లెక్క పుస్తకం కూడా ఉందన్నమాట. ఆ క్యాంపస్‌లో కొత్త కంపెనీలను పెంచే ఇంక్యుబేషన్ నుంచి వచ్చిన ఏథర్ ఎనర్జీ (విద్యుత్ స్కూటర్లు), అగ్నికుల్ కాస్మోస్ (రాకెట్లు) పేర్లు మీరు వినే ఉంటారు.

మీ పార్కుకు ఇదే లెక్క అచ్చంగా సరిపోవాలని లేదు. చిన్న కంపెనీకి ప్రాజెక్టుకు ఇవ్వడానికి డబ్బు ఉండదు, కానీ వారానికి ఒక పూట విద్యార్థులకు పాఠం చెప్పగలదు. దానికీ క్రెడిట్ ఇవ్వండి. ఏడాది గడిచాక క్రెడిట్లు రాని కంపెనీతో కూర్చుని మాట్లాడే పని ఎవరిదో మాత్రం పేరు పెట్టి రాసుకోండి. ఆ పని ఎవరిదీ కాకపోతే క్రెడిట్ల పద్ధతి కాగితం మీదే ఉండిపోతుంది.

ఇక యూనివర్సిటీ లోపలి సంగతి. పార్కు గురించి మాట్లాడేవాళ్లు దీన్ని దాటేస్తారు, నిజానికి సగం పార్కులు కుంటుపడేది ఇక్కడే. ప్రొఫెసర్ కనిపెట్టినది ఎవరిది? ఆయన కంపెనీ పెడితే సెలవు ఎంతకాలం ఇస్తారు, తిరిగొస్తే సర్వీసు పోతుందా? విద్యార్థి చేసిన పనిలో విద్యార్థికి వాటా ఉందా? ఈ మూడింటికీ రాతపూర్వకమైన జవాబు లేకుండా పార్కు తెరిస్తే, ప్రతి ఒప్పందమూ మొదటి ఒప్పందంలాగే సాగుతుంది. మా దగ్గర ఒక బ్యాటరీ మెటీరియల్ మీద కంపెనీకీ డిపార్ట్‌మెంటుకూ మంచి పొత్తు కుదిరింది. హక్కుల విషయంలో ఒక్క పేరా దగ్గర ఆగింది. న్యాయ సలహాదారు, ఫైనాన్స్, మళ్లీ న్యాయ సలహాదారు. పద్నాలుగు నెలలు పట్టింది. సంతకాలకు సిద్ధమయ్యేసరికి కంపెనీ ఆ పని వేరేచోట మొదలుపెట్టేసింది. ఆ రీసెర్చ్ స్కాలర్ ముఖం చూడలేకపోయాను.

హక్కుల విషయంలో దారులు రకరకాలు. 1980లో వచ్చిన బే డోల్ చట్టంతో అమెరికాలో ప్రభుత్వ డబ్బుతో జరిగిన పరిశోధన మీద హక్కు యూనివర్సిటీలు తీసుకోగలిగాయి. కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీ పూర్తిగా వేరే దారి పట్టింది. అక్కడ కనిపెట్టినవాడిదే హక్కు. రెండు దారుల్లోనూ కంపెనీలు పుట్టాయి. కాబట్టి ఏ దారి అన్నదానికన్నా, అది ముందే స్పష్టంగా రాసి ఉందా, రెండు మూడు వారాల్లో పని తేలుతుందా అన్నదే కంపెనీలు చూస్తాయి.

డబ్బు దగ్గర యూనివర్సిటీలు తొందరపడతాయి. పేటెంటు లైసెన్సుకు మొదటిరోజే పెద్ద మొత్తం అడుగుతాయి. చేతిలో డబ్బు లేని కొత్త కంపెనీ అక్కడే ఆగిపోతుంది. గూగుల్ విషయంలో స్టాన్‌ఫర్డ్ ఏం చేసిందో గుర్తు చేసుకోండి. గూగుల్ సెర్చ్‌కు పునాది అయిన పేజ్‌ర్యాంక్ పద్ధతి మీద పేటెంటు యూనివర్సిటీదే. లైసెన్సు ఇచ్చి దాదాపు 18 లక్షల షేర్లు తీసుకుంది. 2005లో వాటిని అమ్మితే 33.6 కోట్ల డాలర్లు వచ్చాయి. ఇలాంటిది ప్రతి ఊళ్లో జరగదని నాకు తెలుసు. అయినా చిన్న వాటా తీసుకుని కంపెనీని నడవనివ్వడమే సరైన పద్ధతి. మొదటి ఏడాది ఫీజుతో యూనివర్సిటీకి ఒరిగేది ఏమీ ఉండదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయానికి వస్తాను. మా మెటీరియల్స్ డిపార్ట్‌మెంటులో ఒక ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఉండేది. మంచి యంత్రం. చాలా మధ్యాహ్నాలు ఖాళీగా ఉండేది. అక్కడికి మూడు వందల మీటర్ల దూరంలో, మా పార్కులోనే ఉన్న ఒక కంపెనీ తన శాంపిళ్లను వేరే నగరానికి కొరియర్‌లో పంపించేది. ఎందుకని అడిగితే, మైక్రోస్కోపు బుక్ చేయాలంటే ఐదు సంతకాలు కావాలి, రిపోర్టు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు అన్నారు. పక్కనున్న బావి వదిలి పక్కూరికి బిందె పట్టుకుని వెళ్లినట్టుంది పరిస్థితి.

దాన్ని సరిచేయడానికి పెద్ద పథకమేమీ పెట్టలేదు. ఒక పేజీ ఫారం, గంటకు ఇంత అని గోడ మీద ధర, సాయంత్రాలు ఆపరేటర్‌కు అదనపు వేతనం. ధరలో కొంత భాగం డిపార్ట్‌మెంటుకే వెళ్లేలా చేశాం, లేకపోతే వాళ్లకు ఆసక్తి ఎందుకుంటుంది? ఆరు నెలలు తిరిగేసరికి ఆ ల్యాబు బయట వరండాలోని బెంచీ మా పార్కులో అతి ముఖ్యమైన చోటు అయిపోయింది. తమ వంతు కోసం కూర్చున్న కంపెనీ ఇంజినీర్లు, పీహెచ్‌డీ పిల్లలు అక్కడే మాట్లాడుకునేవారు. ఆ ఆపరేటర్ డిప్లొమా చదివిన మనిషి. ఎవరి శాంపిల్‌లో ఏ ఇబ్బంది వచ్చిందో, అలాంటి ఇబ్బందిని ఇంకెవరు దాటారో ఆయనకు తెలుసు. రహస్యాలు బయటపెట్టకుండానే, ఫలానా మేడమ్‌ను ఒకసారి కలవండి సార్, అని చెప్పేవారు. నేను నడిపిన నెట్‌వర్కింగ్ మీటింగులన్నీ కలిపినా ఆ ఒక్క మాట చేసినంత పని చేయలేదు.

అందుకే మీ ప్రశ్నలోని రెండో సగానికి నా జవాబు ఇది. మొదటి డబ్బు పరికరాలు పంచుకునే ఏర్పాటు మీద, వాటిని నడిపే మనుషుల మీద పెట్టండి. యూనివర్సిటీలో ఇప్పటికే ఉన్న యంత్రాల జాబితా తీయించండి. ఏది వారంలో ఎన్ని గంటలు నడుస్తోందో రాయించండి. చాలాచోట్ల ఈ జాబితాయే ఉండదు. ఆపరేటర్ల ఉద్యోగాలు కాంట్రాక్టు మీద ఏడాదికోసారి మారిపోతుంటే ఆ అనుభవం కూడా వాళ్లతోనే పోతుంది, ఆ విషయంలో గట్టిగా నిలబడండి.

ప్రాంతం అన్న మాట దగ్గరికి వద్దాం. సైన్స్ పార్క్ అనగానే కొత్త కంపెనీలే అనుకుంటాం. చుట్టుపక్కల ముప్ఫై నలభై ఏళ్లుగా ఉన్న పరిశ్రమలు గుర్తుకురావు. మా పార్కుకు అరగంట దూరంలో చాలా ఫౌండ్రీలు ఉన్నాయి. పోత పోశాక లోపల గాలి బుడగలు మిగిలి, సరుకు వెనక్కి వచ్చేది. యజమానులు దాన్ని తలరాత అనుకునేవారు. ఒక ఎంటెక్ విద్యార్థి ప్రాజెక్టుగా అక్కడికి వెళ్లాడు. లోహం ఎంత వేడిలో పోస్తున్నారు, ఇసుకలో తడి ఎంత ఉంది అని నెల రోజులు కొలిచాడు. సరైన దారి దొరికింది, వెనక్కి వచ్చే సరుకు బాగా తగ్గింది. ఇందులో పేటెంటు లేదు, పేపర్లో వార్త రాలేదు. కానీ ఆ యజమాని మరుసటి ఏడాది సొంత డబ్బుతో ఇంకో ఇద్దరు విద్యార్థులను పిలిచాడు. తోటి యజమానులు కూడా వచ్చి అడిగారు. ప్రాంతీయ ఆవిష్కరణ అంటే నా దృష్టిలో ఇది కూడా. పెద్ద పేరు రాదు గాని నిలబడేది ఇదే.

బయటి అనుభవం కూడా ఇలాగే ఉంది. స్వీడన్ దక్షిణాన నౌకల తయారీ, బట్టల పరిశ్రమ దెబ్బతిన్న రోజుల్లో, 1983లో లుండ్ యూనివర్సిటీ పక్కన ఐడియాన్ సైన్స్ పార్క్ తెరిచారు. మొదట్లోనే టెలిఫోన్ పరికరాల కంపెనీ ఎరిక్‌సన్ మొబైల్ ఫోన్ల పరిశోధన అక్కడికి చేరింది. తర్వాత పదేళ్లకు బ్లూటూత్ పని మొదలైంది లుండ్‌లోనే. పాత పరిశ్రమ పోయిన చోట కొత్తది వెంటనే మొలవలేదు. మధ్యలో ఉన్న ఆ పదేళ్లు యూనివర్సిటీ, కంపెనీ, స్థానిక పాలన కలిసి నిలబెట్టాయి.

తైవాన్‌లోని సించు పార్కును చాలామంది పన్ను రాయితీల కథగా చెబుతారు. రాయితీలు ఉన్నాయి, నిజమే. కానీ 1980లో పార్కు తెరవకముందే అక్కడ పునాది పడింది. 1973లో ఏర్పడిన ప్రభుత్వ పరిశోధన సంస్థ ఐటీఆర్ఐ 1976లో అమెరికాకు చెందిన ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఆర్‌సీఏ నుంచి చిప్పుల తయారీ పద్ధతి తీసుకుంది, ఇంజినీర్లను అక్కడికి పంపి నేర్పించింది. ఆ మనుషులే పార్కులోకి నడిచి వచ్చారు. 1980లో యూఎంసీ, 1987లో టీఎస్ఎంసీ అనే చిప్పుల కంపెనీలు ఆ సంస్థలోంచే పుట్టాయి. పక్కన రెండు మంచి యూనివర్సిటీలు ఉన్నాయి. విదేశాల నుంచి తిరిగొచ్చే ఇంజినీర్ల పిల్లల కోసం రెండు భాషల్లో చదువు చెప్పే బడి కూడా పెట్టారు. బడి చిన్న విషయమనుకుంటాం. ఒక మంచి సైంటిస్టు మా పార్కుకు రాకపోవడానికి కారణం పిల్లల చదువేనని నాకు స్వయంగా చెప్పారు.

యూనివర్సిటీ బలం లేకుండా మొదలైన పార్కుల సంగతి కూడా చూడండి. ఫ్రాన్స్ దక్షిణ తీరంలో 1969లో పియరే లఫిట్ మొదలుపెట్టిన సోఫియా ఆంటిపోలిస్‌కు వాతావరణం, ఎయిర్‌పోర్టు, పెద్ద కంపెనీల శాఖలు అన్నీ కలిసొచ్చాయి. ఒకదానితో ఒకటి మాట్లాడుకునే అలవాటు మాత్రం ఆ కంపెనీలకు చాలాకాలం రాలేదు. 1990ల మొదట్లో పెద్ద కంపెనీలు తగ్గించుకోవడం మొదలుపెట్టాకే స్థానిక పరిశోధన, స్థానికంగా పుట్టే కంపెనీలు ఎంత అవసరమో అక్కడివాళ్లకు తెలిసొచ్చింది. శాఖ ఆఫీసు నిర్ణయాలు ఎప్పుడూ ఎక్కడో ఉన్న హెడ్డాఫీసులో జరుగుతాయి.

సమయం ఎంత పడుతుందని మీ కమిటీలో తప్పకుండా అడుగుతారు. నార్త్ కరొలైనా కథ చెప్పండి. 1950లలో ఆ రాష్ట్రం పొగాకు, బట్టలు, ఫర్నిచర్ మీద బతికేది, ఆదాయంలో అమెరికాలో అట్టడుగున ఉండేది. చదువుకున్న పిల్లలు రాష్ట్రం వదిలిపోతున్నారు. మూడు యూనివర్సిటీల మధ్య పార్కు పెట్టాలనుకున్నారు. మొదట లాభం కోసం నడిచే కంపెనీగా అనుకుంటే పెట్టుబడి రాలేదు. బ్యాంకర్ ఆర్చీ డేవిస్ దాన్ని లాభాపేక్ష లేని సంస్థగా మార్చి, ఇంటింటికీ తిరిగినట్టు తిరిగి 14 లక్షల డాలర్లకు పైగా విరాళాలు సేకరించారు. 1959లో రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్ మొదలైంది. తర్వాత ఐదారేళ్లు చాలా నీరసంగా గడిచాయి. 1965లో ఐబీఎం, కేంద్ర ప్రభుత్వ పర్యావరణ ఆరోగ్య పరిశోధన సంస్థ వస్తున్నట్టు ప్రకటించాకే ఊపు వచ్చింది. అది కూడా పెద్ద సంస్థల ల్యాబులతోనే. మీకు ఎవరైనా మూడేళ్లలో ఫలితం చూపిస్తామని చెబితే, వాళ్లు భవనం గురించి చెబుతున్నారని అర్థం చేసుకోండి.

అక్కడే ఇంకో సంగతి ఉంది. నార్త్ కరొలైనా స్టేట్ యూనివర్సిటీలోంచి 1976లో పుట్టిన శాస్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆ పార్కులో లేదు, పక్క ఊళ్లో ఉంది. కేంబ్రిడ్జ్ గొప్పగా చెప్పుకునే చిప్పుల డిజైన్ కంపెనీ ఆర్మ్ 1990లో మొదలైంది సైన్స్ పార్కులో కాదు, బయటి పల్లెలోని ఒక పాత కొట్టంలో. పార్కు గేటు లోపల ఎంత జరిగిందో కొలిచి తృప్తిపడేవాళ్లకు ఇవి కనిపించవు. 1980ల నుంచి బ్రిటన్‌లో పార్కు లోపలి కంపెనీలనూ బయటి కంపెనీలనూ పోల్చి చూసిన పరిశోధకులకు, పరిశోధన ఫలితాల్లో పెద్ద తేడా కనిపించలేదు. అది చదివి మొదట బాధపడ్డాను. తర్వాత అర్థమైంది, చోటు ఇవ్వడం వేరు, సంబంధం కలపడం వేరు. మీ పార్కు సేవలు గేటు బయటి కంపెనీకి కూడా అందేలా నియమం రాయండి.

స్థలం ఎక్కడ అన్నది కూడా ఆలోచించండి. రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్ ఏడు వేల ఎకరాల్లో పరుచుకుంది. దూరదూరంగా భవనాలు, అన్నిటికీ కార్లు, లోపల చాలాకాలం ఇళ్లు లేవు. ఇప్పుడు వాళ్లే మధ్యలో ఇళ్లు, దుకాణాలు, నడిచే దారులు కడుతున్నారు. మీ మ్యాపులో పార్కు క్యాంపస్‌కు ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉందని రాశారు. నా అభిప్రాయంలో ఇది మీ ప్రణాళికలో అన్నిటికన్నా బలహీనమైన అంశం. విద్యార్థికి బండి ఉండదు, ప్రొఫెసర్‌కు రెండు క్లాసుల మధ్య గంటన్నరే ఉంటుంది. క్యాంపస్ అంచున ఒక పాత హాస్టల్ భవనం దొరికినా, ముందు అందులోనే మొదలుపెట్టండి. ఆ ఎనిమిది కిలోమీటర్ల స్థలం ఎక్కడికీ పోదు, పెద్దవైన కంపెనీలకు తర్వాత పనికొస్తుంది.

మేనేజర్ గురించి ఒక్క మాట. పదవీ విరమణకు దగ్గరపడ్డ ప్రొఫెసర్‌కు అదనపు బాధ్యతగా ఈ పని అప్పగించే అలవాటు చాలాచోట్ల ఉంది. దయచేసి అలా జరగనివ్వకండి. ల్యాబు భాషా, కంపెనీ లెక్కలూ రెండూ తెలిసిన మనిషి పూర్తి సమయం కావాలి, కనీసం ఐదేళ్లు కదలకుండా ఉండాలి. జీతం యూనివర్సిటీ స్కేలుకు మించినా సరే. ఆ మనిషి పనితీరు కొలిచేటప్పుడు నిండిన అంతస్తులు చూడకండి. ఎంతమంది విద్యార్థులు కంపెనీల్లో పనిచేశారు, ఎన్ని యంత్రాల గంటలు బయటివాళ్లు వాడారు, ఎన్ని ఒప్పందాలు నెలలోపు ముగిశాయి, చుట్టుపక్కల పాత పరిశ్రమల్లో ఎన్ని రెండోసారి తలుపు తట్టాయి అని చూడండి. రెండోసారి అన్నది ముఖ్యం. మొదటిసారి మొహమాటానికి కూడా వస్తారు.

పాలిటెక్నిక్‌లను కూడా మర్చిపోకండి. పార్కులో పీహెచ్‌డీ చేసినవాళ్లకు దొరికే ఉద్యోగాలు కొన్నే. యంత్రం బిగించేవాళ్లు, నమూనా భాగాలు చేసేవాళ్లు, టెస్టింగ్ చేసేవాళ్లు ఎక్కువమంది కావాలి. వాళ్లు స్థానికంగా దొరికితే ప్రాంతానికి పార్కు తమది అనిపిస్తుంది. దొరకకపోతే బయటినుంచి వచ్చినవాళ్లతో అద్దెలు పెరగడం ఒక్కటే ఊరివాళ్లకు కనిపిస్తుంది.

మీ తర్వాతి మీటింగు ఈ నెలాఖరున అన్నారు. ఆ లోపు యంత్రాల జాబితా మొత్తం సిద్ధం కాకపోవచ్చు. కనీసం రెండు డిపార్ట్‌మెంట్లదైనా తీయించండి. హక్కుల నియమాల ముసాయిదా, మేనేజర్ ఉద్యోగ ప్రకటన ముసాయిదా ఉంటే ఇక్కడ పెట్టండి, పేరాలవారీగా చూసి నాకు తోచింది రాస్తాను.